అన్నం తిన్న వెంటనే గ్రీన్ టీ, దాంతోనే ఐరన్ మాత్ర: చండూరు పాఠకురాలి ప్రశ్నకు జవాబు

ప్రశ్న: మాది చండూరు దగ్గర ఊరు. నాకు 36 ఏళ్లు, బరువు 71 కిలోలు. ఇంట్లనే టైలరింగ్ చేస్త, రోజంతా మిషన్ ముందు కూర్చునే పని. మూడు నెలల కింద పాల చాయ్ మానేసి గ్రీన్ టీ మొదలుపెట్టిన. పరగడుపున ఒకటి, టిఫిన్ అయినంక ఒకటి, మధ్యాహ్నం అన్నం తిన్నంక ఒకటి, రాత్రి అన్నం తిన్నంక ఒకటి తాగుత. సర్వలో రెండు గ్లాసుల నీళ్లు పోసి, ఆకు వేసి, ఒక గ్లాసు అయ్యేదాక మరిగించి, రెండు చెంచాల తేనె, నిమ్మరసం కలుపుకుంట. బరువు తగ్గలే. కడుపుల మంట, రాత్రి నిద్ర పడ్తలేదు, దువ్వితే జుట్టు కుచ్చులు కుచ్చులుగ వస్తుంది. మొన్న రక్తం పరీక్షల హిమోగ్లోబిన్ 9.4 ఉందని ఐరన్ మాత్రలు రాసిన్రు. రాత్రి గ్రీన్ టీతోనే వేసుకుంటున్న. ముఖం మీద మంగు ఉంది, గ్రీన్ టీ ప్యాక్‌తో పోతదా? మా అత్తమ్మకు 63 ఏళ్లు, నడుము, మోకాళ్లు పట్టేస్తయి. కీళ్లకు మంచిదని ఆమెకు కూడా ఇస్తున్న. ఇంట్ల బోరు ఉంది, భగీరథ నల్లా కూడా ఉంది. గ్రీన్ టీ ఆపేయాల్నా?

జవాబు: ఆపేయాల్సిన పని లేదమ్మా. కానీ రెండు అలవాట్లు మాత్రం ఈ రాత్రి నుంచే మార్చుకోండి. ఐరన్ మాత్రను గ్రీన్ టీతో వేసుకోవద్దు. అన్నం, టిఫిన్ తిన్న వెంటనే గ్రీన్ టీ తాగొద్దు. మీరు రాసిన బాధల్లో జుట్టు రాలడానికి రక్తహీనతే పెద్ద కారణంగా కనిపిస్తోంది. మీరు వేసుకుంటున్న మందు ఒంటికి పట్టకుండా మీ గ్రీన్ టీ వేళలు అడ్డుపడుతున్నాయి.

గ్రీన్ టీకి మంచి పేరు తెచ్చినవి అందులోని కాటెకిన్లు అనే వగరు పదార్థాలు. మామూలు చాయ్‌పత్తి, గ్రీన్ టీ రెండూ ఒకే చెట్టు ఆకులు. ఆకు కోశాక నలిపి గాలికి పులియనిస్తే నల్లటి చాయ్‌పత్తి అవుతుంది. కోసిన కొద్దిసేపటికే ఆవిరి పట్టో, వేడి మూకుడులో వేయించో ఆ మార్పును ఆపేస్తే కాటెకిన్లు చాలావరకు అలాగే మిగిలిపోతాయి. అదే గ్రీన్ టీ. ఈ కాటెకిన్లు కడుపులోకి వెళ్లాక అక్కడున్న ఇనుమును పట్టేసుకుంటాయి. అలా పట్టుబడిన ఇనుము పేగు గోడ దాటి రక్తంలోకి పోదు, మలంలో బయటికి పోతుంది.

ఇది కళ్లతో చూడాలంటే ఒక మాత్ర ఖర్చు పెట్టండి. పైపూత కరిగేదాకా కొద్ది నీళ్లలో నానబెట్టి, నలిపి, అరగ్లాసు గ్రీన్ టీలో కలపండి. చాలా మాత్రల్లో ఉండే ఫెర్రస్ సల్ఫేట్ అయితే, లేత పసుపు రంగు టీ కాసేపట్లోనే సిరా పోసినట్టు నల్లబడుతుంది. ఆ నలుపు ఇనుము, టీ కలిసి తయారైనదే. రోజూ రాత్రి మీ కడుపులో జరుగుతున్నది ఇదే.

భోజనంలోని ఇనుము సంగతీ అంతే. మామూలు టీ మీద బ్రిటన్ ఆడవాళ్లతో చేసి 2017లో అచ్చైన ఒక అధ్యయనంలో, భోజనంతో పాటు టీ తాగిన ఆడవాళ్లలో ఇనుము ఒంటబట్టడం 37 శాతం తగ్గింది. అదే టీని భోజనమైన గంటకు తాగితే ఆ నష్టం 18 శాతానికి దిగింది. గంట ఆగితేనే సగం తేడా. హిమోగ్లోబిన్ బాగా ఉన్నవాళ్లు ఈ లెక్కను అంతగా పట్టించుకోకపోయినా నడుస్తుంది. 9.4 ఉన్న మీకు అలా కుదరదు. గర్భిణులు కాని ఆడవాళ్లకు 12 దాటి ఉండాలి, 8 నుంచి 10.9 మధ్య ఉంటే మధ్యస్థాయి రక్తహీనత కింద లెక్క. మీరొక్కరే కాదు, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అందుకే ఈ జవాబు మీలా గ్రీన్ టీ తాగే ప్రతి ఆడమనిషీ చదవాలని మా కోరిక.

ఇక వేళలు. పరగడుపున గ్రీన్ టీ వద్దు, గ్లాసు గోరువెచ్చని నీళ్లు తాగండి. ఖాళీ కడుపులో చిక్కటి టీ పడితే చాలామందికి వికారం, మంట వస్తాయి. మీ మంటకు అదొక కారణం. ఎనిమిదిన్నరకు టిఫిన్ తింటే, పదకొండుకు మొదటి కప్పు. ఒంటిగంటన్నరకు అన్నం తింటే, నాలుగింటికి రెండో కప్పు. అంతటితో ఆ రోజుకు చాలు. సాయంత్రం ఐదు దాటాక వద్దు. ఒక కప్పులో సుమారు 25 నుంచి 45 మి.గ్రా. కెఫీన్ ఉంటుంది, మీలాగ మరిగిస్తే ఇంకా ఎక్కువే దిగుతుంది. ఒంట్లో చేరిన కెఫీన్‌లో సగం బయటికి పోవడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. రాత్రి తొమ్మిదికి తాగినదాంట్లో సగం రెండింటిదాకా పని చేస్తూనే ఉంటుంది. ఇక నిద్ర ఎక్కడ పడుతుంది?

ఐరన్ మాత్రను రాత్రి అన్నం తిన్న రెండు గంటలకు నీళ్లతో వేసుకోండి. పక్కన సగం బత్తాయి తొనలో, నిమ్మకాయ నీళ్లో ఉంటే మంచిది. విటమిన్ సి ఇనుమును ఒంటబట్టేలా చేస్తుంది, నల్గొండలో బత్తాయికి కొదవా లేదు. పాలతో, కాల్షియం మాత్రతో కలిపి వేసుకోవద్దు. ఖాళీ కడుపుతో మాత్ర మంటగా ఉంటే అన్నం తిన్న వెంటనే వేసుకోవచ్చు, కొంత తక్కువ పట్టినా మానేయడం కన్నా అదే నయం. మలం నల్లగా వస్తే భయపడకండి, మాత్ర వల్లే. కడుపు మంటకని గ్యాస్ మాత్రలు కూడా రోజూ మింగుతుంటే డాక్టరుకు చెప్పండి. కడుపులో ఆమ్లం తగ్గితే ఇనుము కరగడమూ తగ్గుతుంది.

మందు సరిగ్గా పడుతుంటే నాలుగు వారాల్లో హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగాలి. నెల తర్వాత మళ్లీ పరీక్ష చేయించండి. పెరగకపోతే మోతాదు పెంచమని అడగడం కాదు, రక్తం ఎటు పోతోందో వెతకాలి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉందా, మొలలు ఉన్నాయా, పొలంలో ఉత్తకాళ్లతో తిరగడం వల్ల కొంకి పురుగులు చేరాయా అన్నది చూడాలి. థైరాయిడ్ పరీక్ష కూడా ఒకసారి చేయించండి, జుట్టు రాలడానికి అదీ ఒక కారణం కావచ్చు. హిమోగ్లోబిన్ 12 దాటాక కూడా మాత్రలు మరో మూడు నెలలు వాడాలి, అప్పుడే ఒంట్లో నిల్వ నిండుతుంది. జుట్టు రాలడం తగ్గేది ఆ నిల్వ నిండాకే. మూడు నుంచి ఆరు నెలలు ఓపిక పట్టాలి. గ్రీన్ టీ నీళ్లతో తల కడిగితే జుట్టు వస్తుందని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. కడుక్కుంటే హాని లేదు, జుట్టు వస్తుందన్న రుజువూ లేదు.

ఇప్పుడు కాచే తీరు. మీరు ఆకును చాయ్‌పత్తిలా మరిగిస్తున్నారు. చేదుకు, మంటకు మూలం అక్కడే ఉంది. మరిగే నీళ్లలో ఆకు ఎక్కువసేపు ఉంటే కెఫీన్, వగరు పదార్థాలు అన్నీ దిగిపోతాయి, లేత వాసన ఆవిరై పోతుంది. ఆ చేదును కప్పిపుచ్చడానికే మీరు రెండు చెంచాల తేనె పోసుకోవాల్సి వస్తోంది.

గ్రీన్ టీకి సుమారు 80 డిగ్రీల నీళ్లు కావాలి. థర్మామీటర్ అక్కర్లేదు. నీళ్లు బాగా మరిగించి దించండి. మూడు వంతుల మరిగిన నీళ్లకు ఒక వంతు మామూలు తాగునీరు కలిపితే వేడి సుమారు 80కి వస్తుంది. 200 మి.లీ. కప్పుకు 150 మి.లీ. మరిగినవి, 50 మి.లీ. చల్లవి. కలిపే ఆ నీళ్లు కూడా తాగడానికి పనికొచ్చేవే అయి ఉండాలి. ఆకు 2 గ్రాములు చాలు. ఉండలుగా చుట్టుకున్న ఆకు అయితే టీ చెంచాకు తలకొట్టుగా ఒకటి, విడివిడిగా పెద్దగా ఉండే ఆకు అయితే రెండు చెంచాలు. ఆకు మీద నీళ్లు పోసి మూత పెట్టి, మొదటిరోజు రెండు నిమిషాలు ఉంచి వడకట్టండి. పలచగా అనిపిస్తే మర్నాడు మూడు నిమిషాలు. మూడు దాటనివ్వకండి. రుచి చాలకపోతే ఆకు పెంచండి, సమయం పెంచకండి. మంచి ఆకు అయితే అదే ఆకుతో వెంటనే రెండోసారి కూడా కాచుకోవచ్చు. రెండోసారికి నీళ్లు కాస్త వేడిగా ఉండాలి. పొద్దున నానిన ఆకును సాయంత్రానికి దాచకండి, మన ఎండలకు పాడవుతుంది.

టీ బ్యాగు అయితే అందులో దాదాపు 2 గ్రాములు ఉంటుంది. అవే నీళ్లు, అంతే సమయం. బ్యాగును కప్పులోనే వదిలేసి పని చేసుకుంటూ తాగడం, చివరి చుక్కదాకా పిండడం వద్దు. పిండితే వచ్చేది వగరే. మెష్ గుడ్డలా మెరిసే ప్లాస్టిక్ బ్యాగుల నుంచి వేడినీళ్లలోకి సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు దిగుతున్నట్టు 2019లో కెనడా శాస్త్రవేత్తలు చూపించారు. కాబట్టి విడి ఆకు, స్టీలు జాలీ మేలు.

నిమ్మరసం కలపడం మంచి అలవాటు, అది మానొద్దు. కాటెకిన్లు పేగులో త్వరగా పాడవుతాయి. నిమ్మలోని ఆమ్లం, విటమిన్ సి వాటిని కొంత కాపాడతాయి. అయితే వడకట్టి, కాస్త చల్లారాక పిండండి. అల్యూమినియం సర్వలో నిమ్మరసం పడనివ్వకండి, స్టీలు గిన్నె వాడండి. పాలు కలపొద్దు. పొగలు కక్కేటప్పుడు తాగొద్దు. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలు అన్నవాహిక క్యాన్సర్‌కు కారణం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2016లో చెప్పింది. చాయ్‌కి, కాఫీకి కూడా ఇదే వర్తిస్తుంది.

బరువు సంగతి సూటిగా చెప్తాం. గ్రీన్ టీ తాగితే కొవ్వు కరిగిపోదు. కాక్రేన్ సంస్థ 2012లో అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ కలిపి చూసింది. జపాన్ బయట చేసిన ప్రయోగాల్లో గ్రీన్ టీ వల్ల అదనంగా తగ్గిన బరువు సగటున 40 గ్రాములు. అంటే లేనట్టే. ఇక మీ తేనె లెక్క చూడండి. చిన్న చెంచా తేనె 7 గ్రాములు, దాంట్లో 20 కేలరీలకు పైనే. రోజుకు ఎనిమిది చెంచాలంటే దాదాపు 170 కేలరీలు. పాల చాయ్ మానేసి మిగుల్చుకున్నదాన్ని తేనె తిరిగి తెచ్చి పెడుతోంది. తేనె లేకుండా రెండు కప్పులు తాగితే, రెండు చెంచాల చక్కెర వేసిన రెండు పాల చాయ్‌ల బరువు రోజూ మీ లెక్కలోంచి పోతుంది. బరువు తగ్గడంలో గ్రీన్ టీ చేసే అసలు మేలు ఇదే, ఇది తక్కువేమీ కాదు. మిషన్ ముందు గంటకోసారి లేచి ఐదు నిమిషాలు నడవండి. హిమోగ్లోబిన్ పెరిగితే నడవడానికి ఓపికా వస్తుంది.

"స్లిమ్మింగ్ టీ" పేరుతో వచ్చే ప్యాకెట్లు కొనేముందు వెనక చిన్న అక్షరాలు చదవండి. చాలావాటిలో సునాముఖి ఆకు ఉంటుంది. అది విరేచనాల మందు. రెండు రోజుల్లో కిలో తగ్గినట్టు కనిపించేది కొవ్వు కాదు, ఒంట్లోని నీరు. గ్రీన్ టీ సారం నింపిన క్యాప్సూళ్ల జోలికి అసలే పోవద్దు. కాచిన కప్పులో ఈజీసీజీ అనే ముఖ్యమైన కాటెకిన్ ఉండేది కొద్దిగానే. క్యాప్సూళ్లలో దాన్ని గట్టిగా దట్టిస్తారు. రోజుకు 800 మి.గ్రా., ఆపైన ఈజీసీజీ మింగినవాళ్లలో కాలేయం దెబ్బతింటున్న గుర్తులు కనిపించాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. ఇప్పటికే ఎవరైనా వాడుతూ కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపి డాక్టరు దగ్గరికి పోవాలి.

మరి దేనికి మంచిది అంటారా? గుండెకు కొంత మేలు ఉన్నట్టు మంచి ఆధారాలే ఉన్నాయి. జపాన్‌లోని ఒసాకి ప్రాంతంలో 40,530 మందిని ఏళ్ల తరబడి గమనించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు ఐదు కప్పులు, ఆపైన తాగే ఆడవాళ్లలో గుండె, రక్తనాళాల జబ్బులతో మరణాలు, ఒక కప్పు కూడా తాగనివాళ్లతో పోలిస్తే 31 శాతం తక్కువ. మగవాళ్లలో 22 శాతం తక్కువ. క్యాన్సర్ మరణాల్లో మాత్రం తేడా లేదు. అయితే ఐదు కప్పులని కంగారుపడి పెంచకండి, వాళ్ల కప్పు 100 మి.లీ. చిన్న కప్పు. పైగా వాళ్ల తిండి, నడక వేరు. ఇది గమనింపు మాత్రమే, టీ ఒక్కటే కారణమని తేల్చిన ప్రయోగం కాదు. చెడు కొలెస్ట్రాల్‌ను 2 మి.గ్రా. మేర తగ్గిస్తుందని ప్రయోగాల్లో తేలింది. అది చాలా చిన్న తగ్గుదల, కొలెస్ట్రాల్ మాత్రలు ఆపి దీన్ని నమ్ముకోవడానికి లేదు.

ముఖం విషయానికి వద్దాం. మంగు గ్రీన్ టీ ప్యాక్‌తో పోదు. అది ఎండకు, హార్మోన్లకు ముదిరే మచ్చ. ఎండ తగలకుండా చూడటమే దానికి మొదటి మందు. పది గంటల నుంచి నాలుగింటి దాకా బయటికి పోవాల్సి వస్తే కొంగో, స్కార్ఫో ముఖానికి కప్పుకోండి. ఎస్‌పీఎఫ్ 30 ఉన్న సన్‌స్క్రీన్ బయటికి పోయే ఇరవై నిమిషాల ముందు రాసి, రెండు గంటలకోసారి మళ్లీ రాయండి. మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే తెల్లబడే క్రీములు తెచ్చుకోవద్దని మరీ మరీ చెప్తున్నాం. వాటిలో చాలావరకు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు వారాలు ముఖం వెలుగుతుంది, ఆ తర్వాత చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి, మంగు ఇంకా ముదురుతుంది. వాటితో ముఖం పాడైనవాళ్లు ప్రతి ఊళ్లో కనిపిస్తారు.

జిడ్డు చర్మానికి, చిన్న మొటిమలకు మాత్రం గ్రీన్ టీ కొంత పనికొస్తుంది. సారం కలిపిన లేపనాలు జిడ్డును తగ్గిస్తున్నట్టు చిన్న ప్రయోగాల్లో కనిపించింది. ఇంట్లో చేసుకోవాలంటే ఒక కప్పు టీని పలచగా కాచి పూర్తిగా చల్లార్చండి. తేనె, నిమ్మ కలపకుండా అందులో దూది ముంచి ముఖానికి అద్ది, పది నిమిషాలకు నీళ్లతో కడగండి. ప్యాక్ కావాలంటే రెండు చెంచాల ముల్తానీ మట్టికి చల్లారిన టీ తగినంత కలిపి రాయండి. పూర్తిగా ఎండి చర్మం లాగేదాకా ఉంచొద్దు, అంచులు ఆరుతుండగానే తడిచేత్తో కడిగేయండి. వారానికి రెండుసార్లు చాలు. మొదటిసారి మోచేతి లోపలివైపు రాసి ఒక రోజు చూశాకే ముఖానికి వాడాలి. ముఖానికి నిమ్మరసం రాసి ఎండలోకి పోతే చర్మం కాలినట్టు అయి మరింత నల్లటి మచ్చలు పడతాయి. మంగు ఉన్నవాళ్లు నిమ్మరసం ముఖం దరికి రానివ్వకూడదు. రోజంతా కుట్టుపని వల్ల కళ్ల కింద ఉబ్బు ఉంటే, వాడిన టీ బ్యాగులు పిండి, ఫ్రిజ్‌లో చల్లబరచి, మూసిన కళ్ల మీద పది నిమిషాలు పెట్టుకోండి. చల్లదనానికి, కెఫీన్‌కు ఉబ్బు కొంత దిగుతుంది. రక్తం తక్కువై పాలిపోయిన ముఖానికి వెలుగు తెచ్చేది మాత్రం ఐరన్ మాత్రే.

కొనేటప్పుడు ప్యాకింగ్ తేదీ చూసి, ఆరు నెలల లోపుది తీసుకోండి. ఆకు పచ్చగానో, ఆలివ్ రంగులోనో ఉండి పచ్చిగడ్డి వాసన రావాలి. గోధుమరంగుకు తిరిగి వాసన లేనిది పాతది. అస్సాం, డార్జిలింగ్, నీలగిరి, కాంగ్రా నుంచి మంచి ఆకు వస్తుంది. గాలి చొరబడని స్టీలు డబ్బాలో, పొయ్యికి, మసాలా డబ్బాలకు దూరంగా పెట్టండి. నీళ్ల చెంచా ఆ డబ్బాలో పడకూడదు. 100 గ్రాములు కొంటే మీకు 25 రోజులు వస్తుంది, అంతకంటే ఎక్కువ ఒకేసారి కొనొద్దు.

కొందరికి వైద్యుణ్ణి అడగకుండా గ్రీన్ టీ వద్దు. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు, బీపీకి నాడోలాల్ వాడేవాళ్లు ముందుగా అడగాలి, ఈ మందుల పని మీద గ్రీన్ టీ ప్రభావం ఉంటుంది. థైరాయిడ్ మాత్ర పొద్దున నీళ్లతో వేసుకుని, కనీసం అరగంట నుంచి గంట తర్వాతే ఏ టీ అయినా. గర్భిణులు చాయ్, కాఫీ, గ్రీన్ టీ అన్నీ కలిపి రోజుకు 200 మి.గ్రా. కెఫీన్ దాటకూడదు. ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకునే పూటకు టీ దగ్గరికే రాకూడదు.

ఇక మీ అత్తమ్మ. మీ ఉత్తరంలో మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసింది ఆమె విషయమే. చండూరు, మర్రిగూడ, మునుగోడు వైపు అరవై దాటిన మనిషికి నడుము, మోకాళ్లు పట్టేస్తున్నాయంటే కీళ్ల అరుగుదల అనుకునే ముందు, నీళ్లలో ఎక్కువైతే ఎముకలను, కీళ్లను పట్టేసే ఫ్లోరైడ్‌ను అనుమానించాలి. ఆ తరం వాళ్లంతా బోరు, బావి నీళ్లు తాగి పెరిగినవాళ్లే. గ్రీన్ టీ కీళ్లను బాగుచేస్తుందనడానికి మనుషుల్లో సరైన రుజువు లేదు. పైగా తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను పీల్చి ఆకుల్లో దాచుకుంటుంది, లేత ఆకు కంటే ముదురు ఆకులో అది చాలా ఎక్కువ. కాచిన టీలో, ఆకును బట్టి, లీటరుకు 1 నుంచి 4 మి.గ్రా. దాకా ఉండవచ్చు. మామూలు చాయ్‌పత్తిలోనూ ఉంటుంది కాబట్టి మళ్లీ పాల చాయ్‌కి మారితే తప్పించుకున్నట్టు కాదు.

భయపడేముందు లెక్క చూడండి. లీటరుకు 2 మి.గ్రా. వచ్చే ఆకుతో, మంచినీళ్లతో రెండు కప్పులు కాస్తే, 400 మి.లీ.లో 0.8 మి.గ్రా. ఫ్లోరైడ్. పెద్దవాళ్లకు ఇది పెద్ద బరువు కాదు. ఉదాహరణకు మీ బోరులో లీటరుకు 4 మి.గ్రా. ఉందనుకోండి. రోజుకు మూడు లీటర్లు తాగితే 12 మి.గ్రా. ఒంట్లోకి పోయినట్టే. దాని ముందు టీ ఆకు వాటా కొద్దిపాటిదే. పైగా మీరు రెండు గ్లాసులు ఒక గ్లాసు అయ్యేదాకా మరిగిస్తున్నారు. నీళ్లు ఆవిరైపోతాయి, ఫ్లోరైడ్ మాత్రం గిన్నెలోనే ఉంటుంది. 4 ఉన్నది 8 అవుతుంది. నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందన్న నమ్మకం మన దగ్గర ఇంకా ఉంది. అది తప్పు. క్యాండిల్ ఫిల్టర్‌తో, యూవీ ఫిల్టర్‌తో కూడా పోదు. ఆర్వోతో చాలావరకు పోతుంది. 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టి దానికి "నల్గొండ టెక్నిక్" అని పేరు పెట్టింది. ఈ జిల్లా బాధ అంతదూరం తెలిసిందన్నమాట. కానీ పటిక, సున్నం పాళ్లు నీటి పరీక్షను బట్టి మారతాయి, ఇంట్లో అందాజాగా చేయొద్దు. మీకు కృష్ణా నుంచి వచ్చే భగీరథ నల్లా ఉంది కాబట్టి ఆ అవసరమూ లేదు.

అత్తమ్మతో మూడు పనులు చేయించి చూడండి. మోకాళ్లు వంచకుండా ముందుకు వంగి నేలను తాకమనండి. గడ్డాన్ని ఛాతీకి ఆనించమనండి. చేతులు పక్కలకు చాపి, మడిచి, తల వెనక తాకమనండి. ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బు ఫ్లోరోసిస్‌ పరిశీలనలో వాడే సులువైన పరీక్షలివి. వీటిలో ఏదైనా చేయలేకపోతే జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లి ఎముకల డాక్టరుకు చూపించి, ముంజేయి ఎక్స్‌రే గురించి అడగండి. ఆమెకు గ్రీన్ టీ ఇష్టమైతే రోజుకు ఒక కప్పు, భగీరథ నీళ్లతో, లేత ఆకుతో. ఇష్టం లేకపోతే బలవంతపెట్టకండి. పాలు, పెరుగు, నువ్వులు, రాగులు, జామకాయ, బత్తాయి ఆమెకు ఎక్కువ అవసరం.

బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందో లేదో నాలుకకు తెలియదు. దానికి రంగు, వాసన, రుచి ఏవీ ఉండవు. పరీక్షే దారి. లీటరు ప్లాస్టిక్ సీసా తీసుకోండి, ఫ్లోరైడ్ పరీక్షకు గాజు సీసా పనికిరాదు. మోటరు ఐదు నిమిషాలు నడిచాక, అవే నీళ్లతో సీసాను రెండు మూడుసార్లు తొలిచి, నిండా పట్టి మూత బిగించండి. ఊరు, బోరు ఎవరిది, తేదీ రాసి అంటించి, నల్గొండలోని గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌కు ఇవ్వండి. పంచాయతీ కార్యదర్శిని అడిగితే ఎవరికి ఇవ్వాలో చెప్తారు. లీటరుకు 1 మి.గ్రా. లోపు ఉంటే మంచిది. వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. మీకు భగీరథ నీళ్లు ఉన్నాయి కాబట్టి 1 దాటినా తాగొద్దు. ఆ బోరు నీళ్లు స్నానానికి, బట్టలకు, గిన్నెలకు వాడుకోవచ్చు, చర్మం గుండా ఫ్లోరైడ్ ఒంట్లోకి పోదు. తాగడానికి, చాయ్‌కి, అన్నం, పప్పు వండటానికి మాత్రం నల్లా నీళ్లే పట్టి పెట్టుకోండి. నల్లా రాని రోజుకు సరిపడా రెండు బిందెలు ఎప్పుడూ మూతపెట్టి నిల్వ ఉంచండి.